గుమ్మంలో బీజీఎం

బావకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా గుమ్మంలో కాలు పెడితే చాలు, నోటితో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వాయిస్తాడు.

ఏదో కూనిరాగం అనుకునేరు! బుగ్గలు పొంగించి, కళ్ళు అరమూసి, చేతిలో ఉన్న కళ్ళజోడు ఫ్రేమునే గాల్లో తిప్పుతూ, ముక్కుతో వయొలిన్లు, గొంతుతో బాకాలు, నాలికతో డ్రమ్ములు... ఒక్క మనిషి ఒంట్లో అంతమంది వాయిద్యగాళ్ళు ఎలా కాపురం ఉంటున్నారో ఆ దేవుడికే తెలియాలి. చేసేది చూస్తే కళ్ళజోళ్ళ వ్యాపారం. కళ్ళు చూపించుకుందామని వచ్చినవాళ్ళు, చెవుల డాక్టరు ఎక్కడుంటాడని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు.

ఈ చెవుల డాక్టరు మాట మరదలిది. బావ భార్యకి చెల్లెలు, షాపులో బావకి కుడిభుజం. అద్దాలు అరగదీసేది ఆవిడే, బిల్లు రాసేది ఆవిడే, బావని తిట్టేది కూడా ఆవిడే. ఇంట్లో తిట్టే బాధ్యత అక్కది, షాపులో చెల్లెలిది. పాపం, బావకి సెలవు రోజంటూ లేదు.

ఒకసారి పన్నుల ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. బావ ఊరుకోవచ్చు కదా? సస్పెన్స్ సినిమాలో బీరువా తలుపు మెల్లిగా తెరుచుకునేటప్పుడు వచ్చే మ్యూజిక్ అందుకున్నాడు. ఆఫీసరు ఠక్కున ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరు వస్తున్నారు?" అన్నాడు కంగారుగా.

"మీరేనండీ!" అన్నాడు బావ ఆనందంగా.

మరదలు తల పట్టుకుంది. ఆఫీసరు లెక్కలు చూసినంతసేపూ వెనకాల తంబురాలాగా ఒక మంద్రస్వరం మోగుతూనే ఉంది. ఆయన చెమటలు తుడుచుకుంటూ, అన్నీ సవ్యంగానే ఉన్నాయని సంతకం పెట్టి బయటపడ్డాడు.

"అసలు ఈ మనిషి నోరు మూసుకోవడం ఎప్పుడైనా చూశావా అక్కా?" అని అడిగింది మరదలు ఆ రోజు.

"ఒక్కసారి. కడుపు ఆపరేషనుకి మత్తుమందు ఇచ్చినప్పుడు," అంది అక్క. "అదీ ఎంతసేపని? సర్జను లోపలికి రాగానే ముక్కుతో మొదలుపెట్టాడట. నర్సులు చెప్పి నవ్వారు."

అయితే ఈ జబ్బు రెండేళ్ళ నుంచి మరీ ముదిరింది. అంతకుముందు నోటికి ఏది తోస్తే అది వాయించేవాడు. ఇప్పుడు మనిషికో ట్యూను ఖాయం చేసి పెట్టాడు. మేడ మీద పళ్ళ డాక్టరు వస్తే, "గిర్ర్ర్, గిర్ర్ర్!" పక్క కొట్టు జిరాక్సక్కయ్య వస్తే, "సర్ర్ టక్, సర్ర్ టక్!" భార్య క్యారియరు పట్టుకుని వస్తే పిల్లనగ్రోవి. మరి మరదలు వస్తే?

"ఢమ్... ఢమ్... ఢఢమ్!"

"నాకెందుకు బావా విలన్ మ్యూజిక్?" అని ఆవిడ మొత్తుకోని రోజు లేదు. "అక్కకేమో పిల్లనగ్రోవి, నాకేమో పిడుగులా? పొద్దున్న వస్తున్నా, సాయంత్రం టీ తాగి వస్తున్నా, వీధి మలుపు తిరిగానో లేదో ఢమ్ ఢమ్ అని మొదలుపెడతావు. రోడ్డు మీద జనం నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు!"

"చూశావా పవరు! మనిషికి ముఖం ఎందుకే మరదలా, మ్యూజిక్ ఉండగా!"

ఆ మాట బావకి ఊతపదం. కళ్ళజోళ్ళు అమ్మేవాడు అనవలసిన మాటేనా అది?

ఈ బావ పుణ్యమా అని ఆ షాపులో ఒక సంఘం కూడా వెలిసింది. బీజీఎం అభిమానుల సంఘం. సభ్యులు బావ, పళ్ళ డాక్టరు, జిరాక్సక్కయ్య. అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు. ఆయన రిటైరై ఎన్నేళ్ళయినా నడుము ఇంకా నిటారే, గొంతు ఇంకా మైదానం ఆ చివరికి వినిపించేదే. రోజూ సాయంత్రం వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టే "రండి డాక్టరుగారూ! ఏమ్మా జిరాక్సూ, కులాసానా?" అని పలకరిస్తుంటారు. పాటల గురించి ఎవరైనా మాట్లాడితే మాత్రం సంఘంలో ఒప్పుకోరు. "పాట అందరూ వింటారు. పాటకీ పాటకీ మధ్య మన గుండె ఎవడు వాయిస్తున్నాడో అది వినాలి," అంటారు మాస్టారు.

వాళ్ళకి ఏడాదికి ఒకటే పెద్ద రోజు, సినిమా అవార్డుల నామినేషన్లు ప్రకటించే రోజు. అవార్డు ఎవరికొచ్చినా వాళ్ళకి పెద్ద పట్టింపు లేదు. ఉత్తమ నేపథ్య సంగీతానికి ఆ అయిదుగురు ఎవరన్నదే ప్రాణం. ఫోనులో పేర్లు రాగానే మాస్టారు లేచి నిలబడి, స్కూల్లో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే పిలుస్తారు. ఎవరి అభిమాన సంగీత దర్శకుడి పేరు వస్తే వాళ్ళు చెయ్యెత్తి "ప్రెజెంట్ సార్!" అని అరవాలి. పళ్ళ డాక్టరంతటివాడు, నోట్లో దూది కుక్కిన పేషెంటుని కుర్చీలోనే వదిలేసి మెట్లు దిగి వచ్చేస్తాడు ఆ అరుపు కోసం.

ఈ ఏడు గొడవంతా లైట్‌హౌసు సినిమా మీద. దానికి సంగీతం చేసినది కొత్తమ్మాయి. సినిమా మొత్తానికి నాలుగు స్వరాలు వాయించి, మిగతాదంతా నిశ్శబ్దానికి వదిలేసింది. బావ ఆ సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు.

"ఆ అమ్మాయికి నామినేషన్ రాకపోతే అవార్డులకే అవమానం!" అన్నాడు.

"ఎందుకండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన యుద్ధం సినిమాకి డప్పులు మోగించినాయన పక్షం. "ఆవిడ వాయించినది నాలుగు ముక్కలు. మిగతాదంతా సముద్రం వాయించుకుంది. ఇస్తే గిస్తే సముద్రానికి ఇవ్వాలి."

"వాయించడం వచ్చి కూడా వాయించకుండా ఉండటం ఎంత కష్టమో నీకేం తెలుసయ్యా!"

"మాకు తెలుసండీ. తెలియనిది మీకే."

జిరాక్సక్కయ్య కుర్చీలోంచి పడిపోయేంత నవ్వింది. "మీరిద్దరూ కొట్టుకు చావండి. రైలు సినిమాకి మా పెద్దాయన పేరు రాకపోతే చూడండి, రేపట్నుంచి ఈ వీధిలో ఒక్కరికి జిరాక్సు తీస్తే ఒట్టు!"

ఇలా నామినేషన్ల ముందు వారమంతా వాదించి, వాదించి, గుర్రాల సినిమాలో బాకాలు ఎలా మోగుతాయో పదేపదే వాయించి చూపించి, సరిగ్గా ఆ రోజు పొద్దున్నకి బావ గొంతు పోయింది. పోవడమంటే పూర్తిగా పోయింది. గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, వారం రోజులు మాట వద్దు, గుసగుస వద్దు, కూనిరాగం అసలే వద్దు, కాదంటే ఉన్న గొంతు కూడా ఉండదని కచ్చితంగా చెప్పి పంపించాడు.

మరదలి ఆనందం ఇంతా అంతా కాదు. వీధి మలుపు తిరిగింది, ఢమ్ లేదు. షాపులో అడుగుపెట్టింది, ఢఢమ్ లేదు. "ఆహా! ఇన్నాళ్ళకి నేను మామూలు మనిషిలా లోపలికి వచ్చాను!" అని కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. గుమ్మం పక్క కుర్చీలో ఉన్న డ్రిల్లు మాస్టారు మాత్రం ఉలిక్కిపడ్డారు. నామినేషన్ల హుషారులో ఆ రోజు ఆయన పొద్దున్నే వచ్చేశారు.

"ఎవరు?"

"నేనే మాస్టారూ, ఇంకెవరు!"

"నువ్వా తల్లీ! ఏదో ఆలోచనలో ఉన్నాను."

సరే, పెద్దాయన, ఆలోచనలో ఉండి ఉంటారులే అనుకుంది.

మధ్యాహ్నం పళ్ళ డాక్టరు గబగబా దిగి వచ్చి, "మాస్టారూ, ఇవాళ డప్పులదే రోజు!" అనబోతూ, ముందు కరచాలనానికి చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చెయ్యి అందుకోలేదు. సరిగ్గా డాక్టరు మొహంలోకే చూస్తూ, "ఏమ్మా జిరాక్సూ, కులాసానా?" అన్నారు.

డాక్టరు పకపకా నవ్వేశాడు. మాస్టారు పరాచికం ఆడుతున్నారనుకున్నాడు. మాస్టారు కూడా నవ్వారు. కానీ ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. మరదలు రోజంతా చూసేది జనం కళ్ళనే. ఆ ఒక్క క్షణం ఆవిడ కంటపడింది.

బావ వైపు తిరిగి చూసింది. బావ మొహం పాలిపోయి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "గిర్ర్ర్" అనబోయి అనలేక, కౌంటరు మీద వేళ్ళతో టపటపా కొడుతున్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది ఆవిడకి. రెండేళ్ళ క్రితం బావా మాస్టారూ కలిసి పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళిరావడం. ఆ తర్వాత మాస్టారి కళ్ళు ఎప్పుడు చూడాలన్నా బావ "నువ్వుండు, నేను చూస్తాగా" అని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకోవడం. మనిషికో ట్యూను ఖాయం కావడం కూడా సరిగ్గా అప్పుడే. ఆవిడ బావ పక్కకి వెళ్ళి చెవిలో అడిగింది.

"మాస్టారికి మధ్య చూపు పోయింది కదూ? అంచులు తప్ప కనపడవు. నడవగలరు గానీ మొహాలు తెలియవు, అక్షరాలు తెలియవు. అంతేనా?"

బావ తల ఊపాడు. తర్వాత గొంతు డాక్టరు మాట కాదని, గొంతు పెగల్చుకుని ఒక్క గుసగుస ఆడాడు.

"చెప్పొద్దన్నారే మాస్టారు. తెలిస్తే అందరూ జాలిపడతారట. హాజరు పిలిచే పని ఇంకొకళ్ళకి ఇస్తారట. ఆ పని పోతే ఇంక ఇంట్లోంచి బయటికే రానన్నారు."

మరదలికి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. రెండేళ్ళు తిట్టింది ఈ మనిషిని! తీరిగ్గా ఏడవడానికి టైమెక్కడిది? ఈలోగా జిరాక్సక్కయ్య వచ్చేసింది, ఫోను టింగుమంది.

"వచ్చేశాయి! వచ్చేశాయి!" అని అక్కయ్య గెంతి, ఫోను తీసి తను చూడకుండా, నియమం ప్రకారం మాస్టారి చేతిలో పెట్టింది. "కానివ్వండి మాస్టారూ! పోయినేడాదిలా బావగారు ముందు మ్యూజిక్ వాయించడం, మీరు ఊరించి ఊరించి పేరు చెప్పడం, ఆ నాటకాలేం లేవు ఇవాళ. గడగడా చదివేయండి!"

మాస్టారు లేచి నిటారుగా నిలబడ్డారు. ఫోను కళ్ళ ముందుకి తెచ్చుకున్నారు. కొంచెం పక్కకి జరిపారు. మళ్ళీ ఇటు జరిపారు.

"ఆగండాగండి!" అని అరిచింది మరదలు. "నాటకం లేకుండా ఎలా? బావ లేకపోతే నేను లేనా? ఇవాళ మ్యూజిక్ నాది!"

షాపు షాపంతా బిత్తరపోయింది. ఎందుకంటే మరదలి గొంతు సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. చిన్నప్పుడు స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు, "అమ్మా, నువ్వు పెదాలు మాత్రం కదుపు చాలు" అన్నారట టీచరు. అయినా వెళ్ళి మాస్టారి పక్కన నిలబడి, ఫోనులోకి తొంగి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"ఛుకు ఛుకు ఛుకు... కూఊఊ!"

ఎద్దుబండి ఇరుసు కిర్రుమన్నట్టుంది. అయితేనేం! మాస్టారి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"నంబర్ వన్! రైలు సినిమా! పెద్దాయన!"

"ప్రెజెంట్ సార్!" జిరాక్సక్కయ్య అరుపుకి అద్దాల బీరువాలో ఫ్రేములు గలగలలాడాయి.

రెండోది డప్పులు. మరదలు కౌంటరు బాదింది, డాక్టరు "ప్రెజెంట్ సార్!" అని గెంతాడు. మూడోదానికి "టక్ టక్ టక్" అంది. మాస్టారు సందేహించారు. "కోర్టు సినిమాలో జడ్జి సుత్తి కదూ?" కాదు, గుర్రాలు! ఏం చెయ్యాలో తోచక మరదలు మెడ పైకెత్తి "హిహిహిహీ" అని సకిలించింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. "నంబర్ త్రీ! గుర్రాలు!" అని మాస్టారు నవ్వుతూనే పిలిచారు. అందుకని నాలుగోసారి "టక్ టక్" అనగానే కోర్టు సినిమా సులువుగానే దొరికింది.

ఇక మిగిలింది ఒకటే. బావ కౌంటరు అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మరదలు ఫోనులోకి చూసింది. చూసి, నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

ఏమీ వాయించలేదు.

షాపంతా నిశ్శబ్దం. గోడ గడియారం, బయట ఎవరిదో సైకిలు బెల్లు, అంతే. డాక్టరు "ఏమైందమ్మా, మర్చిపోయావా?" అనబోయాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఆయన పెదవుల మీదకి మెల్లిగా చిరునవ్వు వచ్చింది. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, వీధి ఆ చివరికి వినిపించేలా పిలిచారు.

"నంబర్ ఫైవ్! లైట్‌హౌసు! కొత్తమ్మాయి!"

బావ గాల్లోకి ఎగిరాడు! రెండు చేతులూ పైకెత్తి, నోరు బార్లా తెరిచి, ప్రాణమంతా పెట్టి అరిచాడు. చిన్న "కీచ్" తప్ప ఏమీ రాలేదు.

"హాజరు వేశాను!" అన్నారు మాస్టారు. పళ్ళ డాక్టరు పందెం ఓడినవాడిలా బావని కావలించుకుని, "ఒప్పుకున్నానండీ! నిశ్శబ్దం కూడా మ్యూజిక్కే, ఇప్పుడే విన్నాను!" అన్నాడు.

అందరూ వెళ్ళాక మాస్టారు మరదలి దగ్గరికి వచ్చారు. "రైలు ఘోరంగా ఉంది తల్లీ, పట్టాలు తప్పింది," అన్నారు. "నిశ్శబ్దం మాత్రం నీ అంత శ్రుతిగా ఎవరూ పాడలేరు." ఆవిడ భుజం ఒకసారి తట్టి, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మరదలు బావ వైపు తిరిగింది. "అంతా బాగానే ఉంది గానీ, నాకు విలన్ మ్యూజిక్ ఎందుకు పెట్టినట్టు?"

బావ వంగి, ఆవిడ కాళ్ళకున్న మెత్తటి రబ్బరు చెప్పులు చూపించాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని ఉలిక్కిపడినట్టు నటించాడు. చప్పుడు లేకుండా పిల్లిలా వచ్చే మనిషిని వీధి మలుపు నుంచే చెప్పాలి మరి! పిల్లనగ్రోవి అంత దూరం వినపడుతుందా?

మర్నాడు పొద్దున్న ఆ వీధి జనం ఒక వింత చూశారు. మరదలు మలుపు తిరిగి, ఎడాపెడా శ్రుతి తప్పిన గొంతుతో, తనకి తానే "ఢమ్... ఢమ్... ఢఢమ్!" అని వాయించుకుంటూ షాపు వైపు నడిచొస్తోంది. ఇక నుంచి రోజూ పొద్దున్నే వస్తానన్న మాస్టారు, అన్నట్టుగానే గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"రామ్మా విలన్, రా!" అన్నారు నవ్వుతూ. "అంత దూరం నుంచే కనిపించావు."