ఆ ఏడాది పూజ చేయని కారు

1997 అక్టోబరు 10, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. నా డైరీలో ఆ పూట రాసుకున్నది ఇంతే: "కారు కార్బొరేటర్ గుండా పేలింది. రెండుసార్లు."

దయ్యాల మీద గాని, శకునాల మీద గాని నాకు ఏనాడూ నమ్మకం లేదు. బెంగళూరులో ఒక కర్మాగారపు తనిఖీ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. కొలతకు అందనిదాన్ని ఒప్పుకోకపోవడమే నా ఉద్యోగం. కనుక ఇక్కడ కూడా చూసినంత వరకే, కొలిచినంత వరకే చెబుతాను.

ఆ రోజు ఆయుధ పూజ. మా వీధిలో ప్రతి బండికీ అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా కారుకు మాత్రం ఏమీ లేదు. ఫిబ్రవరిలో మా అమ్మ పోయింది. ఏడాది నిండేదాకా మా ఇంట పండుగ లేదు, పూజ లేదు, అక్షతలు కలిపిందీ లేదు.

పైగా ఆ కారును అమ్మేయాలని నిర్ణయించుకున్నాను. ఆదివారం పదకొండు గంటలకు కొనేవాడు వస్తానన్నాడు. నా భార్య లలిత వద్దనలేదు గాని, ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా లేచి లోపలికి వెళ్లిపోయేది. వెనక సీటులో ఎడమ వైపు పదమూడేళ్లు అమ్మ కూర్చున్న చోటు. ఆ చోటును లలిత వదులుకోలేకపోతున్నదని నాకు తెలుసు. కారు పాతబడిందన్నదీ నిజమే.

కోలారులో తన అక్క ఇంట పదిహేను రోజులుండి వస్తున్న లలితను మెజెస్టిక్ బస్టాండు నుంచి తీసుకురావడానికి ఆ ఉదయం బయలుదేరాను. మొదటి ఎత్తు ఎక్కుతుండగా బానెట్ కింద ఎవరో గట్టిగా తుమ్మినట్లు చప్పుడైంది. కారు అదిరింది, లాగడం తగ్గింది. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే పది నిమిషాలు ఏ లోపమూ లేదు. తర్వాత మళ్లీ తుమ్ము.

మరునాడు విజయదశమి. తెలిసిన షెడ్లన్నీ మూసి ఉన్నాయి. చిక్కపేట సందులో పనిచేసే బాషా ఒక్కడే వచ్చాడు. సెప్టెంబరు 28న, అమ్మకానికి సిద్ధం చేయడం కోసం, ఆ కార్బొరేటర్‌ను విప్పి, పెట్రోలు నిలిచే గిన్నె కడిగి, పెట్రోలు చిమ్మే సన్నని జెట్లలో గాలి కొట్టి, మూత అతుకుకు కొత్త గ్యాస్కెట్ వేసి బిగించింది అతనే. నేను పక్కనే నిలబడి చూశాను.

"నీ పనిలోనే ఏదో పొరపాటు జరిగింది బాషా," అన్నాను.

"జరిగుంటే నేనే ఒప్పుకుంటా సార్. మొదుట బండిని అడుగుదాం, ఆమేలే నన్ను తిట్టుదురు."

టైమింగు చూశాడు, సరిగ్గా ఉంది. ప్లగ్గు వైర్ల వరుస చూశాడు, సరిగ్గా ఉంది. వాల్వుల సందు రేకుతో కొలిచి, ఆ రేకు నాకూ ఇచ్చాడు. నేనూ కొలిచాను. ఇంజను నడుస్తుండగా ఇంటేక్ గొట్టం అతుకుల మీద సబ్బు నీళ్లు పోశాడు. ఎక్కడా గాలి పీల్చడం లేదు. చివరకు తుమ్ములు వస్తున్నప్పుడు చోక్ సగం లాగి గాలి తగ్గించాడు. తుమ్ములు ఆగిపోయాయి.

"చూసినారా? గాలి బాగానే వస్తాంది, పెట్రోలు చాలడంలే. లోపల ఏమో అడ్డం ఉండాది."

"అడ్డముంటే, ఆపి స్టార్టు చేయగానే ఎందుకు బాగుంటుంది?"

"ఇంజను పీల్చేటప్పుడు జెట్‌కు అతుక్కుంటాది, ఆపితే ఊడి పడిపోతాది. మా బామ్మర్ది మాదిరి సార్. పని ఉన్నప్పుడే అడ్డమొస్తాడు."

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు బాషా కొత్త గ్యాస్కెట్‌తో మళ్లీ వచ్చి గిన్నె మూత విప్పాడు. అడుగున, జెట్ పక్కన, ఒక బియ్యపు గింజ ఉంది. పసుపు కలిపిన గింజ. పెట్రోలులో మునిగి ఉన్నా రంగు మాయలేదు.

బాషా దాన్ని వేలితో తీసి వెలుతురులో పట్టుకున్నాడు. తర్వాత, "ఇది అమ్మ వేసే గింజ కదా సార్," అన్నాడు.

ప్రతి ఆయుధ పూజకూ అమ్మ బానెట్ ఎత్తించి, ఎయిర్ ఫిల్టర్ మూత కూడా తీయించేది. "పై రేకుకు బొట్టు పెడితే ఏమొస్తాది నాయనా? అది ఊపిరి తీసే చోట ఒక గింజ పడాల," అనేది. నేను ఒక్క గింజే వేయనిచ్చి, హారతి కాగానే ఏరి తీసేసేవాణ్ణి. ఈ తగువు బాషాకూ తెలుసు. విరగని గింజలే వెతికి అమ్మ అక్షతలు కలిపేది. ఇదీ విరగలేదు.

సన్నని కొలతలు తీసే వెర్నియర్ తెచ్చి కొలిచాను. గిన్నెలోకి గాలి పోయే రంధ్రం కన్నా గింజే లావు. పెట్రోలు వచ్చే దారిలో జల్లెడ ఉంది. దానికి చిరుగు లేదు. బాషా వేసిన గ్యాస్కెట్ అంచు ఎక్కడా లేవలేదు. పాత గింజ ఎక్కడో దాగిందనుకుందామంటే, గిన్నె కడిగినప్పుడు ఇద్దరమూ చూశాం. కారు తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంది. శుక్రవారం దాకా లలిత ఊళ్లో లేదు. అయినా ఆమెను ఒక్కసారి అడిగాను.

"బానెట్ ఏ పక్క తెరుచుకుంటాదో కూడా నాకు తెలియదండీ," అంది. గింజను అరచేతిలోకి తీసుకుని చూసి, నవ్వింది. అమ్మ పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. "మీరు పూజ ఎగ్గొడతారని అత్తమ్మకు ముందే అనుమానం వచ్చినట్లుండాది."

బాషాకు క్షమాపణ చెప్పాను. మూత బిగించి, కారును అదే ఎత్తు మీద నాలుగుసార్లు నడిపాం. ఒక్క తుమ్మూ లేదు. ఇక అమ్మకానికి ఏ ఆటంకమూ మిగల్లేదు.

పదకొండుకు కొనేవాడు వచ్చాడు. "బండి సరిగా ఉండాది కదా సార్?"

"సరిగానే ఉంది. కాని అమ్మడం లేదు."

"ఇదేందప్పా! దండ కూడా తెచ్చుకొస్తిని బండికి!" అని, ఆ దండ పట్టుకునే వెనక్కి వెళ్లిపోయాడు. లలిత ఆ రోజు లోపలికి వెళ్లలేదు. గడపలోనే నిలబడి అంతా విన్నది.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ కొలతలు మళ్లీ చూసుకున్నాను. రంధ్రం పెరగలేదు, గింజ తగ్గలేదు. అది లోపలికి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలియనందుకు బాధ కూడా లేదు.

పోయినవి: ఒక గ్యాస్కెట్, రెండు ఉదయాలు, కొనడానికి వచ్చిన ఒక మనిషి. మిగిలినవి: 2006 దాకా ఆ కారు, బాషా రాకపోకలు, చిన్న గాజు సీసాలో ఒక గింజ.