పాట లేని చిట్టి

మేళ్లచెరువుల గాజుల గులాబ్‌బీని ఎరుగనోళ్లు లేరు. నెత్తి మీద గంప, నోట్ల నవ్వు. చెయ్యి పట్టుకోంగనే ఎవరికి ఏ సైజు గాజులు పడుతయో చెప్పేది. ఎవరి పైస ఎగ్గొట్టిందని గానీ, ఆడినమాట తప్పిందని గానీ ఒక్కరు అన్నది లేదు. ఆమె పెనిమిటి చోటే మియాకు ఫ్యాక్టరీ తొవ్వల పంక్చర్ దుకాణం. వాళ్లకు ఒక్కడే కొడుకు, తాజుద్దీన్.

తొంబై నాలుగుల తాజుద్దీన్ బీఎస్సీ పాసయిండు. అదే నెలల రెండు ఖబర్లు ఒక్కసారే వచ్చినయి. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబుల పద్నాలుగు వందల కొలువు ఒకటి. హైదరాబాదుల పర్యావరణం మీద రెండేండ్ల పెద్ద చదువుల సీటు ఒకటి.

"పర్యావరణం అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది గులాబ్‌బీ.

"పొగ, దుమ్ము, మురికినీళ్లు ఉంటయి గద అమ్మీ. వాటిని ఎట్ల ఆపాలె, ఎట్ల శుభ్రం చెయ్యాలె, అదంత నేర్పుతరు."

"దుమ్ము తియ్యనీకి గూడ కాలేజా? పొద్దున లేస్తే నేను చేసేది గదేనాయె!"

చోటే మియా నవ్వలే. చేతుల ఉన్న ట్యూబు పక్కకు పెట్టి లెక్క తీసిండు. "రెండేండ్లు కొలువు ఇడిచిపెడితే ముప్పై మూడు వేలు రాకుంట పాయె. ఫీజుకు, రూముకు ఇంకో పది వేలు అప్పాయె. గింత పోసినంక జీతం ఎంతస్తది?"

"మూడు వేల దాంక ఇయ్యొచ్చు అంటున్నరు అబ్బా."

"ఇయ్యొచ్చు అంటే ఇచ్చినట్టా? నేను గూడ పాత ట్యూబు చూసి 'ఇంకో నెల నడువొచ్చు' అనే అంట. అది మూల తిరగక ముందే తుస్సుమంటది."

తాజుద్దీన్ తెల్లారి గడ్డం గీసుకొని, ఉన్నంతల మంచి అంగీ తొడుక్కొని, ల్యాబుకు పోతా అని బయలెల్లిండు. వాని మొఖం చూస్తే తల్లికి పానం ఆగలే. "ఆగు. నేను చిట్టి ఎత్తుత" అన్నది.

చిట్టి నడిపేది గోపమ్మ. ఇరవై అయిదు మంది ఆడోళ్లు, నెలకు నాలుగు వందలు. అంటే చిట్టి పది వేలది. అక్కెర ఉన్నోళ్లు పాట పాడుతరు. ఎవరు ఎక్కువ ఒదులుకుంటే చిట్టి వాళ్లది, ఒదులుకున్న పైసలు అందరు పంచుకుంటరు. కాని ఆ వాడల ఒక కట్టుబాటు ఉండె. దవాఖాన ఖర్చని ఎవరన్న అంటే ఇగ పాట లేదు. నోరు మూసుకొని పది వేలు చేతుల పెట్టుడే. చదువుకు ఆ కట్టుబాటు లేదు. చదువు ఆపతి కాదు గద.

ఆ నెల అదే వాడల ఉండే నర్సింగమ్మకు గూడ చిట్టి కావాలె. వాళ్ల బాయి మోటరు కాలింది, చేల మిరప తోట వాడిపోతాంది. "వెయ్యి" అన్నది నర్సింగమ్మ. "పన్నెండొందలు" అన్నది గులాబ్‌బీ. అట్ల అట్ల నర్సింగమ్మ మూడు వేల కాడికి వచ్చింది. అంతకు మించి ఒదులుకుంటే ఫీజు కట్టేటందుకే చాలదు. గులాబ్‌బీ చదువుకని చెప్పి బతిమిలాడుదామనే నోరు తెరిచింది, వచ్చిన మాట వేరే.

"మా ఆయనకు ఆపరేషన్ అక్కా. పేగు జారింది."

నర్సింగమ్మ చప్పున నాలిక కరుచుకున్నది. "అయ్యో, ముందే చెప్పకపోతివా పిచ్చిదానా! దవాఖాన అంటే ఇగ పాటేంది? తీస్కపో. నా మోటరుకు ఏం పుట్టింది, మల్లా నెల చూస్త."

పైసలు కొంగున కట్టుకొని గులాబ్‌బీ ఇంటికి వచ్చి చెప్పింది. విన్న చోటే మియా నెత్తి కొట్టుకున్నడు. "గుండ్రాయి లెక్క ఉన్నోన్ని రోగిని చేస్తివి! వాపస్ ఇచ్చి రా." అప్పటికి తాజుద్దీన్ సందుగ సర్దుకున్నడు. ఆమె వాపస్ ఇయ్యలే.

కొడుకును కాలేజీల చేర్పిచ్చి, ఆపరేషన్ చేయించుకున్నట్టు చుట్టాలింట్ల వారం రోజులుండి వచ్చిండు చోటే మియా. వచ్చిండని తెల్వంగనే వాడంత ఇంట్లనే. ఒకరు బత్తాయిలు, ఒకరు జొన్న గటుక. నర్సింగమ్మ రోజు చెంబెడు మజ్జిగ తెచ్చేది. "అన్నా, బరువు లేపకు. పంపు కొట్టకు. కుట్లు పచ్చిగుంటయి" అని మందలిచ్చేది. ఎవడన్న సైకిల్ తోసుకొని వస్తే, "పాపం మనిషి కోలుకోనియ్యిర్రి!" అని వాడోళ్లే ఎల్లగొట్టేది. దుకాణం బందయింది, రోజు సంపాదన పాయె. అబద్ధానికి గూడ కిరాయి కట్టాలె మరి.

అది చూసి నర్సింగమ్మ పెనిమిటి ఎల్లస్వామి పొద్దుగూకంగ దుకాణం తెరిచి, తనే పంపు కొట్టి, వచ్చిన చిల్లరంత తెచ్చి చోటే మియా దోసిట్ల పోసేది. పోసి పోయినంక మొగడు పెండ్లాలు ఒకరి మొఖం ఒకరు చూసుకోకపోయేది.

మల్లా నెల చిట్టి ఇంకా ఎక్కువ పాడి వేరే వాళ్లు ఎత్తిండ్రు. మిరప తోట ఎండింది. నర్సింగమ్మ మిత్తికి అప్పు తెచ్చి మోటరు కొన్నది గాని, అప్పటికి నీళ్లు పెట్టేటందుకు చెట్టు లేదు. ఆ చేను గట్టు మీద నుంచి పోయే తొవ్వ ఇడిచిపెట్టి, గులాబ్‌బీ చుట్టు తిరిగి పొయ్యేది.

రెండేండ్లు గడిచినయి. తాజుద్దీన్ చదువు ముగిసింది. పది జాగాల తిరిగితే ఒక ఫ్యాక్టరీల చిమ్నీ దుమ్ము కొలిచే కొలువు దొరికింది. ఇరవై రెండు వందలు. వాడు కాదన్న ల్యాబు కొలువుల చేరినోనికి అప్పటికే పద్దెనిమిది వందలు వస్తున్నయి.

"ఫరకు నాలుగు వందలు" అన్నడు చోటే మియా. "పెట్టింది తిరిగి రానీకే తొమ్మిదేండ్లు గావాలె."

"రానియ్యి" అన్నది గులాబ్‌బీ. ఆమె గుండెల లెక్క అది కాదు.

అగో, అప్పుడు వచ్చింది నర్సింగమ్మ. వాకిట్ల కూలబడ్డది. "గులాబ్‌బీ, మా ఆయనకు గూడ పేగు జారిందే. మొన్న బస్తాలు లేపిండు. అన్నకు మంచిగ చేసిండ్రు గద, చూడు, మచ్చుకన్న నొప్పి అనడు! ఏ దవాఖాన? ఏ డాక్టరు? జర చెప్పు, రేపే తోల్కపోత."

ఏదో ఒక పేరు చెప్తే ఆ గడియ గడుస్తుండె. కాని ఆ పేరు పట్టుకొని ఎల్లస్వామిని యాడ తిప్పుతది? గులాబ్‌బీ గంప దించింది. తల ఎత్తకుంట మొత్తం చెప్పింది.

విన్న నర్సింగమ్మ, "నేను మజ్జిగ తెస్తుంటే తాగిండు గదనే" అన్నది. మల్ల, "చదువుకని అడిగితే ఇద్దునో, ఇయ్యకపోదునో. నాకే తెల్వదు. గా మాట నన్ను అననియ్యకపోతివి" అన్నది. అని లేచి పోయింది. తోడు వస్తా అంటే తాజుద్దీన్‌ను గూడ రానియ్యలే. తనే కనుక్కొని పెనిమిటిని నల్గొండకు తోల్కపోయింది.

చిట్టి ఆఖరు నాడు గులాబ్‌బీ అందరి నడుమ నిలబడి మల్లొక్కసారి చెప్పుకున్నది. పాట ఉంటే తను ఒదులుకోవలసిన మూడు వేలు చాప మీద పెట్టింది. మనిషికి నూటిరవై చొప్పున గోపమ్మ పంచింది.

"మా అత్త చచ్చిన నాడు పాట పాడే చిట్టి ఎత్తితి, నీ లెక్క అబద్ధం నాకు తట్టకపాయె" అని చిట్టిల ఉన్న సోమమ్మ ఎత్తిపొడిచింది. కొందరు నవ్విండ్రు. ఆ నవ్వు చెప్పుదెబ్బ లెక్క తాకింది. నర్సింగమ్మ తన వంతు తీసుకొని, ఎంచుకొని, కొంగున కట్టుకున్నది.

"కొత్త చిట్టిల ఈమె పేరు రాయాల్నా, వద్దా?" అన్నది గోపమ్మ. అందరు నర్సింగమ్మ దిక్కే చూసిండ్రు.

"రాయి. ఆఖరు నెల రాయి" అన్నది నర్సింగమ్మ. "కాని ఇగ నుంచి ఎవరు దవాఖాన అన్నా డాక్టరు కాయితం తెచ్చి చూపియ్యాలె."

గులాబ్‌బీ గాజుల గంప పట్టుకొని మల్ల గడపగడపకు తిరిగింది. చేతులు ఇచ్చేటోళ్లు ఇచ్చిండ్రు. కాని కొత్త చిట్టి నాలుగో నెల, చిట్టి ఎత్తేటందుకు వాడల ఉండే మారెమ్మ వచ్చింది. ఆమె బిడ్డ కాన్పు కష్టమై దవాఖానల పడ్డది, రెండు రాత్రుల సంది నిద్ర లేదు. చాప మీద కూసోక ముందే కొంగు ముడి విప్పి, చెమటకు తడిసిన కాయితం తీసింది. "అదిగో, డాక్టరు రాసిండు. నేను అబద్ధం చెప్తలేను" అనుకుంట ఒక్కొక్కరి ముంగట పట్టి చూపియ్యవట్టింది. అంత ఇంగ్లీషే. చదవవచ్చినోళ్లు ఒక్కరు లేరు. అయినా అందరు చూసిండ్రు.

కాయితం తన కాడికి వచ్చేసరికి గులాబ్‌బీ రెండు చేతుల మొఖం దాచుకున్నది.