నీళ్లవైపు చేరిన పంపు ఖలాసీ

బెల్లంపల్లిలో ఆ బొగ్గుబాయి మూతపడి ఏళ్లు గడిచినా, బుచ్చిరాములును ఇప్పటికీ అందరూ పంపు ఖలాసీ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు ఆయన భూమి అడుగున కూర్చుని ఊటనీళ్లను పైకి తోడిపోశాడు. నీళ్లు చేరే గుంత గోడకు రెండు గీతలుండేవి. నీళ్లు ఎర్రగీతను తాకితే పంపు వెయ్యాలి, తెల్లగీత కిందికి దిగితే ఆపాలి. నీళ్లు లేక వట్టిగా తిరిగితే పంపు కాలిపోతుంది. ఆయన నౌకరీ, పేరు, కాస్త పొగరు కూడా ఈ ఒక్క నియమం మీదే నిలబడ్డాయి.

టీబీ వచ్చినప్పుడూ అదే నియమం పెట్టుకున్నాడు. దగ్గు ఎక్కితే గోలీలు మింగడం, దిగితే ఆపడం. భార్య పోశవ్వ ఇదేందని అడిగితే, తెల్లగీత దిగినంక గూడ పంపు నడిపిస్తరా అని ఆమెనే దబాయించేవాడు.

ఒకసారి ఆయన ఆపకుండానే మందు ఆగిపోయింది. దవాఖానలో పద్దెనిమిది రోజులు గోలీలు లేవు. మూడుసార్లు పోయి వట్టి చేతులతో వచ్చాడు. దవాఖాన కార్డు మీద మాత్రం 'మందు మానేసిన రోగి' అని రాశారు. ఆయన మానింది నిజమే. దవాఖాన మానింది కూడా నిజమే. రెండోది రాయడానికి కార్డులో గడి లేదు.

ఏడాది తిరిగేసరికి, పాత మందులకు క్రిమి లొంగడం లేదని తెమడ పరీక్షలో తేలింది. ఇక కొత్తరకం గోలీలు, నాలుగు రకాలు, ఆరు నెలలు. ఇవీ పనిచేయకపోతే తన చేతిలో పెద్దగా ఏమీ మిగలదని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఒంటిగది ఇంట్లో పోశవ్వకు అంటుకున్నా ఆ మొండి క్రిమే అంటుకుంటుందన్నాడు.

మొదటి డబ్బా తీసుకుని టీబీ కార్యకర్త మమతారాణి ఇంటికి వచ్చింది. నిన్న చంపిన మందు ఇయ్యాల ఎందుకు చంపదని ఆమెను కూర్చోమనకముందే అడిగాడు. ఆమె నిదానంగా చెప్పింది. ఆ క్రిమి ఒంటి చుట్టూ మైనం పూసినట్టు పొర ఉంటుంది. పొరలో ప్రొటీన్లతో కట్టిన ద్వారాలుంటాయి. కొన్ని మేతను లోపలికి తెస్తాయి. కొన్ని పడనిదాన్ని బయటికి నెడతాయి, మందుతో సహా.

"అంటే తోడిపోస్తదా?"

"అవ్ కాకా. వాటిని పంపులనే అంటరు."

ఆ పంపులకు కరెంటు ఎక్కడిదని బుచ్చిరాములు అడిగాడు. తెలియదని మమతారాణి ఒప్పుకుంది. మరుసటి వారం డాక్టరును అడిగి మరీ వచ్చింది. క్రిమి తన కరెంటు తనే పుట్టించుకుంటుందట. కొత్త గోలీల్లో ఒకటి ఆ కరెంటు మీదే దెబ్బకొడుతుందట.

"అయితే పంపు బందే."

"గంత అల్కగ గాదు. గా గోలీని గూడ నూకే పంపులున్నయంట. కొన్నొద్దులు మింగి కొన్నొద్దులు ఆపితే, పంపులు జోరుగున్న పురుగులే బతికి పెరుగుతయి. అందుకే నాలుగు రకాలు కలిపి, ఒక్కరోజు తప్పకుంట."

బుచ్చిరాములుకు పక్కనే నీళ్లతో నిండిన పాత గని గోడ పగిలిన వానకాలం యాదికొచ్చింది. నాలుగు దిక్కుల నుంచి ఊట. మూడు పంపులతో తొమ్మిది రోజులు కొట్లాడి ఓడిపోయాడు. పంపులు చెడిపోలేదు. నీళ్లు ఒక్క షిఫ్టు కూడా సెలవు పెట్టలేదు, అంతే.

"ఇన్నొద్దులు పంపు నాదే అనుకున్ననే," అన్నాడు పోశవ్వతో. "పంపు ఆ పురుగుది. నేను నీళ్లదిక్కు."

"ఏ దిక్కైతేంది, మింగు," అని ఆమె చెంబు అందించింది.

మూడో నెలలో దగ్గు తగ్గింది. ఆయన ఆపలేదు. నాలుగో నెలలో ఒక గురువారం దవాఖానలో మళ్లీ పాత మాటే: స్టాకు లేదు, సోమవారం రా. ఇంట్లో డబ్బా ఖాళీ. ఈసారి బుచ్చిరాములు వెనుదిరగలేదు. మాస్కు సర్దుకుని వరండా బల్ల మీద కూర్చున్నాడు. ముసలోడు మొండికేసిండని కాంపౌండరు విసుక్కున్నాడు.

"సోమారం దాక మీరాగుతరు సారు. లోపలి పంపు ఆగది."

మమతారాణి ఆసిఫాబాద్‌ దవాఖానకు నాలుగైదు ఫోన్లు చేసింది. సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన డబ్బా వచ్చింది. బుచ్చిరాములు ఆ బల్ల మీదే గోలీలు మింగి, కార్డు తీసి కాంపౌండరు ముందు పెట్టాడు. పొద్దున స్టాకు లేదన్న సంగతి రాయమన్నాడు.

"దానికి గడి లేదు."

"అంచున జాగ ఉంది. రాయి సారు, నేను కూసుంట."

కాంపౌండరు కలం వెతుక్కున్నాడు.