సబ్బునురుగుతో తీర్చుకున్న పగ

కురవి గుళ్లో వీరన్న దేవుడి మీసాల తర్వాత చెప్పుకోదగ్గవి భీమ్లా మీసాలేనని జనగామలో అనేవారు. ఎండాకాలం వాటి నీడన ఇద్దరు కూర్చుని అన్నం తినేవారట. ముగ్గురనేవాళ్లూ ఉన్నారు గానీ, మనకెందుకు అబద్ధాలు!

అంతటి మీసాల్లో ఒక పక్క రామ్మోహన్ సేటు అపార్టుమెంటులో కాలిపోయింది. ఇళ్లకు గ్యాసు పైపులు వేయడం భీమ్లా పని. సేటేమో సిలిండర్లన్నీ సెల్లారులో పెట్టించాడు. "వద్దు సేటూ! గ్యాసు పొగ లెక్క మీదికి పోదు. నీళ్ల లెక్క కిందికి దిగి కూసుంటది" అని భీమ్లా మొత్తుకున్నా వినలేదు. ఒకనాడు భీమ్లా అక్కడ పనిలో ఉండగానే గ్యాసు లీకై, ఎవరో సెల్లారులో నీళ్ల మోటారు స్విచ్చు వేయగానే భగ్గుమంది. భీమ్లా మంటలో చెయ్యి పెట్టి, వాల్వు కట్టేశాకే బయటికొచ్చాడు. సేటు మాత్రం "తండావాడు బీడీ ముట్టించి ఉరికిండు" అని ఊరంతా చాటాడు. ఆ మాటతో భీమ్లాను పనికి పిలిచే గడపే లేకుండా పోయింది. మీసం మళ్లీ మొలిచింది. పేరు మొలవలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, హైదరాబాదు ఫిట్టర్లు రాలేదు. సేటు కట్టిన కొత్త అపార్టుమెంటులో గృహప్రవేశాల ముహూర్తం ముంచుకొచ్చింది. గత్యంతరం లేక భీమ్లాకే కబురుపెట్టాడు.

"సిలిండర్లు ముంగట వాకిట్ల, ఆరుబయట పెట్టాలె. సుట్టూ ఇనుప జాలి కట్టాలె. ఒప్పుకుంటెనే పానా పట్టుకుంట" అన్నాడు భీమ్లా.

"అరేయ్, ఆడ నా దుకాణం వస్తదిరా!"

"దుకాణం సెల్లారుల పెట్టుకో సేటూ. సల్లగుంటది."

సేటు పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకున్నాడు. భీమ్లా పగకున్న ఆకలికి అది పిడికెడు అటుకులే.

పైపును గోడ బయటినుంచి ఎక్కించి, ఇంటింటికీ విడిగా వాల్వు పెట్టాడు. పరీక్షకు మాత్రం ఏరి కోరి ఒక రోజు పట్టాడు: ఉద్యమంవాళ్లు ఆ అపార్టుమెంటు ముందే రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్న రోజు. సగం జనగామ అక్కడే ఉంది. ముందుగానే పైపులో ఉట్టి గాలి నింపి, ఒక్క అతుకును కావాలనే వదులు చేశాడు.

"నీ బిల్డింగు సేటూ, నీ చేత్తోనే సూసుకో. లీకుంటె బుడగ లేస్తది" అని సబ్బునీళ్ల డబ్బా అందించాడు.

సేటు మోకాళ్ల మీద వంగి ఒక్కో అతుక్కీ నురుగు పూశాడు. వదులు అతుకు దగ్గర బుడగ లేచింది. పూరీ అంతైంది, గుమ్మడికాయంతైంది.

"లీకురో! గ్యాసు లీకు!"

సేటు దూకిన దూకుకు ఎక్కడో దూరాన మొగుళ్లపల్లిలో కోళ్లు లేచాయంటారు. చెప్పులు వాకిట్లో, మనిషి పప్పు వండే పెద్ద గంజు వెనకాల!

భీమ్లా తీరిగ్గా అతుకు బిగించాడు. "ఉట్టి గాలి సేటూ! ఇంకా సిలిండరే పెట్టలే."

జనం పగలబడి నవ్వారు. పప్పు కలుపుతున్న లక్ష్మీనర్సమ్మ గరిటె ఆపి, "ఏంది సేటూ, గాలికే గింత ఉరికితివి?" అంది.

"నేను మంటకు గూడ ఉరకలే, అక్కా" అంటూ భీమ్లా కాలిన చెయ్యి పైకెత్తాడు. "ఇగ జెప్పు సేటూ. ఆనాడు సెల్లారుల ఏమైంది?"

సేటు ఏదో గొణిగాడు.

"గట్ల గాదు, ఉద్యమపోళ్ల మైకుల జెప్పు. అబద్ధం ఊరంత ఇనవడ్డది, నిజం గూడ ఇనవడాలె."

అందరూ తననే చూస్తుంటే సేటు మైకు అందుకోక తప్పలేదు. "సిలిండర్లు సెల్లారుల పెట్టించింది నేనే. బీడీ ముచ్చట నా అబద్ధం. వాల్వు కట్టేసింది భీమ్లానే" అన్నాడు.

లక్ష్మీనర్సమ్మ ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేసింది. భీమ్లా తన విస్తరి తీసుకుని అవతలి వరుసలోకి వెళ్లాడు. సేటు ముఖం బాగా కనిపించే చోటు చూసుకుని కూర్చుని, మెల్లగా, మెతుకు మెతుకూ నములుతూ తిన్నాడు.