గోడకు తల ఆనించి తిన్న మురుకు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు నా కుడిచేయి మా ఇంట్లో అందరిదీ అయింది, నాది తప్ప. ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్ళో గడ్డివామి మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాను. నాటువైద్యుడు కట్టు కట్టాడు. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గాని, మోచేయి కర్రలా బిగుసుకుపోయింది. అన్నం ముద్ద ఎత్తితే నోటిదాకా వచ్చేది కాదు.

మా అవ్వకు నేనంటే ఎక్కడలేని ప్రేమ. ఆ ప్రేమే నా ప్రాణం తీసింది. పొద్దున్నే ఆముదం వెచ్చచేసి, మోచేతిని పిసికి, బలవంతంగా వంచేది. నేను వీధంతా వినబడేలా అరిచేదాన్ని. చేయి వాచేది. వాపు తగ్గాలని ఇంకా పిసికేది. ఎడమచేత్తో తింటానంటే ససేమిరా ఒప్పుకునేది కాదు. మూడు పూటలా తనే కలిపి పెట్టేది. బడికెళ్ళే పిల్లనై ఉండి అలా నోరు తెరుచుకుని కూర్చోవడం నాకు ఒళ్ళుమంట.

చివరికి మా నాన్న నెల్లూరులో పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన కసరత్తులు చేయించే అక్క దగ్గరికి పంపాడు. ఆమె కూడా వంచుతుందని ముందే ఏడుపు లంకించుకున్నాను. ఆమె నా చేతిని వంచనే లేదు. ముందు ఆ మర్దన మానేయమని, ఇకమీదట ఈ చేతిని ఎవరూ బలవంతంగా వంచకూడదని మా అవ్వకు గట్టిగా చెప్పింది. అవ్వ మొహం ముడుచుకుంది.

"మరి దాని చెయ్యి ఎవురు వంచాల?"

"అదే వంచుకుంటాదవ్వా" అంది అక్క.

నన్ను గోడకానించి కూర్చోబెట్టి, తల గోడను వదలకూడదంది. కుడిచేతిలో మురుకు పెట్టింది. చెయ్యే నోటి దగ్గరికి రావాలంది, నొప్పి మరీ ఎక్కువైతే ఆగి మళ్ళీ చేయమంది. ఆ రోజు మురుకు అందలేదు. ఏడ్చాను గాని, అది కోపంతో వచ్చిన ఏడుపు. ఇంటికొచ్చాక కూడా గోడను వదల్లేదు. అవ్వ జాలిపడి లేచి వస్తే కసిరేదాన్ని. మెల్లగా వాపు తీసింది, చేయి కాస్త కాస్త వంగడం మొదలైంది. ఒకనాడు మురుకు అంచు పెదవికి తగిలింది.

ఆ ఏడు కోతపండుగకు మా చర్చిలో విందు పెట్టారు. బంతిలో కూర్చుంటే మా మేనత్త అలవాటుగా వచ్చి నా ఆకులో ముద్ద కలపబోయింది.

"ఎందుకుమే నీకీ తిప్పలు, నేను పెడతాలే."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "వద్దత్తా. నాకు చెయ్యి ఉండాది" అన్నాను. కుడిచేత్తోనే ముద్ద ఎత్తాను. సగం మెతుకులు గౌను మీద రాలాయి, మిగతావి నోట్లోకి పోయాయి. ఎదురు బంతిలో మా అవ్వ తినడం మానేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె నాకు ముద్ద పెట్టలేదు.

ఈమధ్య నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీకి వెళ్తున్నాను. అక్కడ పక్షవాతం వచ్చిన పెద్దాయన, నడుము పట్టేసిన కుర్రాడు, నేను, ఎవరి ఒంటితో వాళ్ళం కుస్తీ పడుతుంటాం. ఇంట్లో నా కోడలు మంచి పిల్ల. కుర్చీలోంచి లేవబోతే పరుగున వచ్చి రెట్ట పట్టుకుంటుంది. కింద పడబోతే పట్టుకో, అందాకా చేతులు కట్టుకుని నిలబడు అంటాను. నొచ్చుకుంటుంది, పాపం. నొచ్చుకోనీ. ఈ మోకాలు నాది, లేచేది నేను.