పక్క వీధి పెద్దాయన ఎంచిన జాకెట్

ఆ రోజుల్లో మా కేజీఎఫ్ కుర్రాళ్ళకు రెండు బతుకులుండేవి. బంగారు గనులు మూసేశాక ఊళ్ళో పని లేదు గనుక, తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయేవాళ్ళం. రైల్లోనే తల దువ్వుకుని, చొక్కా ఇస్త్రీ నలగకుండా నిలబడి, స్టేషన్లో దిగేసరికి వేరే మనుషులమైపోయేవాళ్ళం. ఈ విద్యలో నేను అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. ఆఫీసులో ఎవరైనా మీవాళ్ళేం చేస్తారని అడిగితే, బూదికోట దగ్గర మామిడి తోటలున్నాయని చెప్పేవాణ్ణి. (తోట లేదు. మామిడికాయలు మేమూ అందరిలాగే సంతలో కొనుక్కునేవాళ్ళం.)

నిజానికి మా నాయన మైన్సులో టింబర్‌మన్. భూమి అడుగున సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గనులు మూతబడి ఆయన పైకొచ్చినా, లోపలి రాతిదుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు దగ్గు అడ్డుపడేది.

అలాంటి రోజుల్లో నేనొక పాత మోటారు సైకిలు కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పనున్నా లేకపోయినా బేతమంగళ వరకూ, కామసముద్రం వరకూ తిరిగొచ్చేవాణ్ణి. ఆఫీసులో బండ్లున్నవాళ్ళంతా కలిసి కన్యాకుమారి పోదామనుకున్నారు. మా జట్టుకు పెద్ద హిందూపురం వైపు ఆయన, అందరం కెప్టెన్ అని పిలిచేవాళ్ళం. మోచేతులకూ మోకాళ్ళకూ గట్టి ప్యాడ్లున్న జాకెట్టు, ప్యాంటు లేనివాణ్ణి తన వెంట రానివ్వనని కెప్టెన్ ముందే చెప్పేశాడు. ఒక శనివారం అందరం బెంగళూరులో ఒక పెద్ద దుకాణం దగ్గర కలుసుకోవాలని ఏర్పాటు.

ఇంట్లో ఈ సంగతి చెప్పడమే నేను చేసిన తప్పు. నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. ప్రాణానికి కాపు కాసే బట్టను అద్దంలో చూసి కొనకూడదన్నది ఆయన సిద్ధాంతం. గనిలో కింద పనిచేసే రోజుల్లో కొత్త బూట్లొచ్చినా, కొత్త చొక్కా వచ్చినా, వేసుకుని ఇంటి నేల మీద నాలుగు బారలు పాకి చూశాకే షిఫ్టుకు పోయేవాడు. వద్దంటే వినలేదు. రైల్లో దారి పొడవునా కిటికీ పక్కన కూర్చుని, పెళ్ళికి పోతున్నట్టు ఉత్సాహంగా ఉన్నాడు.

దుకాణమంతా అద్దాలే. ఎర్ర చారలున్న నల్ల జాకెట్టొకటి తొడుక్కుని, అందుకు తగిన ప్యాంటు వేసుకుని నిలబడితే, దేవుడు నాకివ్వని ఛాతీ ఆ జాకెట్టు ఇచ్చినట్టనిపించింది. ముందు నుంచీ పక్క నుంచీ చూసుకుంటున్నాను. నాయన వచ్చి నా మోచేయి నొక్కి చూశాడు.

"నిలబడితే అన్నీ బాగానే ఉంటాయి. యాడన్నా పడితే ఈ గట్టి ముక్క మోచేతి మీదనే ఉంటాదా? వంగి పాకి చూడు," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే కెప్టెన్ దగ్గరికొచ్చి, ఈయనెవరని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే ఈనాటికీ నన్ను బాధపెట్టేది.

"మా పక్క వీధి పెద్దాయన. బెంగళూరులో ఏదో పనుందంటే తోడు తీసుకొచ్చినా," అన్నాను.

నాయన రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకు ఊపిరి ఆడదు గానీ చెవులు బాగానే వినపడతాయి. నా ముఖం వైపొకసారి చూసి, కెప్టెన్ వైపు తిరిగి నవ్వాడు.

"అవునప్పా, పక్క వీధే. చిన్నప్పటి నుంచి చూస్తా ఉండా ఈ పిల్లోణ్ణి," అన్నాడు.

నేను పాకనని అర్థమయ్యాక, అలాంటిదే ఇంకో జత తీసి ఆయనే తొడుక్కున్నాడు. తొడుక్కుని, హెల్మెట్ల వరుసల మధ్య మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టాడు. ఒకావిడ కాలు తీసి దారిచ్చింది. దుకాణం వాళ్ళు కంగారుపడ్డారు. కెప్టెన్ మాత్రం వంగి శ్రద్ధగా చూశాడు. నాలుగు బారలు పోయేసరికి జాకెట్టు వీపు మీదికి ఎగబాకి నడుమంతా బయటపడింది. మోకాలి ప్యాడు జారి పిక్క పక్కకు పోయింది. చూసినారా అన్నట్టు ఆయన తలెత్తాడు. అప్పుడే దగ్గు అందుకుంది.

లేవలేకపోయాడు. రెండు చేతులూ నేలకానించి, వీపంతా ఎగిరెగిరిపడేలా దగ్గాడు. నేను అక్కడే నిలబడ్డాను. పరుగెత్తి పట్టుకుంటే కొడుకునని తెలిసిపోతుందని నిలబడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పట్టుకుని లేపింది, కుర్చీ వేసింది, నీళ్ళు తాగించింది కెప్టెన్.

"పెద్దాయనా, మా అందరికీ మీరే చూసి ఇప్పించండి," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఉద్యోగస్థులు నలుగురు, నాతో కలిపి ఐదుగురం, ఒకరి వెనక ఒకరు దుకాణం నేల మీద పాకాం. నాయన కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినీ ఆపి, భుజం లాగి, మోకాలు తట్టి, ఇది కాదు ఇంకోటి తెమ్మని పురమాయించాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన షిఫ్టు చేస్తున్నాడు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం నన్ను పేరుతో పిలవలేదు. నువ్వు రా అప్పా, అన్నాడు.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. క్షమించమని అడగాలని నోరు తెరిచినప్పుడల్లా ఏ స్టేషనొచ్చిందో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగేవాణ్ణి. బంగారుపేట దాటాక ఆయనే మాట్లాడాడు.

"ఏమనుకోవద్దురా. అంతమంది ముందర దగ్గి నీ పరువు తీసినా," అన్నాడు.

కన్యాకుమారి నుంచి వచ్చాక కెప్టెన్‌ను ఇంటికి పిలిచి, నిజం చెప్పి, నాయనకు సంతోషం కలిగించాలని మనసులో అనుకున్నాను. వానలు తగ్గాక బయలుదేరాలని ప్రయాణం వెనక్కి జరిగింది. ఆ వానల్లోనే ఆయన పోయాడు.

నాన్నగారు పోయారు, ప్రయాణానికి రాలేనని కెప్టెన్‌కు ఫోన్ చేశాను. అంతే చెప్పాను. మర్నాడు నలుగురూ వానలో బండ్ల మీద వచ్చేశారు. మామిడి తోట కోసం వెతకలేదు, దారిలో నా పేరు చెప్పి ఎవర్నో అడిగి, నేరుగా మైన్సు పనివాళ్ళ ఇళ్ళుండే మా లైన్లలోకే వచ్చారు. నాయన ఎంచి ఇచ్చిన జాకెట్లే అందరి ఒంటి మీదా, నీళ్ళు కారుతూ. ముందు గదిలో శవపెట్టె చుట్టూ అమ్మా, చర్చి వాళ్ళూ ప్రార్థన చేస్తున్నారు. కెప్టెన్ పెట్టెలోకి చూశాడు. గుర్తుపట్టి నా వైపు తిరిగాడు.

"మా నాయన," అన్నాను.

ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది. తడి జాకెట్టుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, నాయన పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పని నేను ఆ దుకాణంలో చెయ్యాల్సింది.

ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను, ఇప్పటికీ తిరుగుతున్నాను. బండి ఎక్కడ ఆపినా, మీదేవూరని ఎవరైనా అడిగితే చాలు, ఊరి పేరుకంటే ముందు మా నాయన మైన్సులో టింబర్‌మన్ అని చెబుతాను. అడగనివాళ్ళకూ చెబుతాను. వెనక సీటులోంచి మా ఆవిడ గిల్లుతూనే ఉంటుంది. మొన్న ఒక పెట్రోలు బంకులో నాయన పేరు, ఆయన పని, ఆయన మంచితనం అన్నీ వివరంగా చెప్పాను. బంకాయన ఓపిగ్గా విని, "సరే సార్, ఎంతకు కొట్టమంటారు?" అన్నాడు. నాలో నేనే నవ్వుకుని, ట్యాంకు నింపమన్నాను.