చదవకుండా నొక్కిన బటన్

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా ఆఫీస్‌లో ఎవరి లాగిన్ ఆపాలన్నా డేటాబేస్‌లోకి వెళ్ళక్కర్లేదు. మా అప్లికేషన్‌లోనే ఒక పేజీ ఉంది. ఎంప్లాయీ నంబర్లు పేస్ట్ చేసి బటన్ నొక్కితే వెనకాల స్క్రిప్ట్ రన్ అయిపోతుంది. ఆ పేజీ నేనూ, పక్క సీటు రమణన్నా కలిసి చేశాం. టెస్టింగ్‌కి ప్రతిసారీ అన్న తన నంబరే ఇచ్చేవాడు. లాగిన్ పోగానే "చాల్లే, మళ్ళీ ఆన్ చెయ్" అని నవ్వేవాడు.

ఇవాళ మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి పదకొండు నంబర్లు వచ్చాయి. పేర్లు లేవు, అర్జెంట్ అన్నారు. చదవకుండానే పేస్ట్ చేసి నొక్కేశాను.

రెండు నిమిషాల్లో ఫోన్. అన్న ఇవాళ ఇంటి నుంచి పనిచేస్తున్నాడు.

"ఏంట్రా, చెప్పకుండా నా నంబర్‌తో టెస్ట్ చేస్తున్నావా? త్వరగా ఆన్ చెయ్, మీటింగ్ ఉంది."

లిస్ట్ మళ్ళీ తెరిచాను. నాలుగోది అన్న నంబర్. నాకు కంఠతా వచ్చిన నంబర్.

"టెస్టింగ్ కాదన్నా."

అన్న మెల్లగా, "స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా రన్ అయిందా?" అని అడిగాడు.

అయిందన్నాను.

హెచ్1బీ వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోయిన సంగతి హెచ్ఆర్ కంటే ముందు నా నోటితో తెలిసింది. మళ్ళీ ఆన్ చేసే బటన్ కూడా ఆ పేజీలోనే ఉంది. దాని వంక చూస్తూ కూర్చున్నాను.

మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటి బటన్ ఉందా? ఉంటే ముందు నంబర్లు చదవండి. చదివినా నొక్కక తప్పదనుకోండి. కనీసం ఫోన్ మనమే ముందు చేయొచ్చు.